మూడుల్‌లో కోర్సు ఎలా సర్దాలి: యూనిట్ల వారీగానా, వారాల వారీగానా, ఫైళ్ల వారీగానా?

మేడమ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరారు. సెకండియర్ వాళ్లకి డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) చెప్పమన్నారు. మీకు ముందు చెప్పినాయన వదిలి వెళ్లిన నలభై పీపీటీలు, అరవై దాకా వీడియోలు, నోట్సు పీడీఎఫ్‌లు అన్నీ మూడుల్‌లో (కాలేజీ ఆన్‌లైన్ పాఠాల వేదికలో) పెట్టమన్నారు. పీపీటీలన్నీ ఒకచోట, వీడియోలన్నీ ఒకచోట పెట్టాలా, యూనిట్ల వారీగానా, వారాల వారీగానా అన్నది మీ సందేహం. పిల్లలేమో "ఏదీ దొరకట్లేదు మేడమ్, వాట్సాప్‌లో పెట్టేయండి" అంటున్నారని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఫైలు ఏ రకమన్నదాన్ని బట్టి సర్దవద్దు. యూనిట్‌ని పైన పేరుగా ఉంచి, దాని కింద నాలుగైదు చిన్న టాపిక్‌లు చేయండి. ఒక్కో టాపిక్‌లో దానికి కావలసిన వీడియో, నోట్సు, ప్రశ్నలు, అసైన్‌మెంట్ అన్నీ పిల్లలు ఏ వరసలో చేయాలో ఆ వరసలోనే పెట్టండి. వారాలు, తేదీలు హెడింగుల్లోకి రానివ్వకండి. మీ దగ్గరున్న ఫైళ్లన్నీ పెట్టనక్కర్లేదు కూడా. సగం పెడితే చాలు.

నేను విజయవాడ, గుంటూరు మధ్య కాలేజీల్లో పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఏడేళ్లుగా మా కాలేజీ మూడుల్ బాధ్యత కూడా నాదే. కాబట్టి ఇప్పుడు చెప్పేదంతా చేసి చూసిందే.

మొదట్లో నేనూ ఫైళ్ల వారీగానే పెట్టాను. లెక్చర్ నోట్స్, పీపీటీలు, వీడియోలు, క్వశ్చన్ బ్యాంక్, పాత పేపర్లు అని ఐదు సెక్షన్లు. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉండేది. ఒకరోజు ల్యాబ్ అయిపోయాక, పొన్నూరు నుంచి వచ్చే ఒక అమ్మాయిని, నాలుగో యూనిట్ నార్మలైజేషన్‌లో (టేబుళ్లని సరిగ్గా విడగొట్టే పాఠంలో) ఒక టాపిక్ పేరు చెప్పి, "బీసీఎన్‌ఎఫ్ ఎక్కడుందో నీ ఫోన్‌లో తెరిచి చూపించమ్మా" అని అడిగి, పక్కనే నిలబడి చూశాను. పీపీటీల సెక్షన్ తెరిచింది. బొటనవేలితో కిందికి జరుపుతూ పోయింది. యూనిట్4 ఫైనల్, యూనిట్4 ఫైనల్ న్యూ, యూనిట్4 పార్ట్2. రెండోది నొక్కింది. పద్నాలుగు ఎంబీ డౌన్‌లోడ్ అయింది. తీరా చూస్తే పీపీటీ తెరిచే యాప్ ఆ ఫోన్‌లో లేదు. వెనక్కి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటికి పోయింది. మళ్లీ బొటనవేలు. నాలుగు నిమిషాలు గడిచాక తలెత్తి, "రాత్రి ఇంట్లో అయితే నేనిక్కడే ఆపేస్తాను సర్, ఫ్రెండ్‌ని అడిగి వాట్సాప్‌లో తెప్పించుకుంటాను" అంది.

ఆ అమ్మాయి చదవదని కాదు, క్లాసులో ముందు బెంచీలో కూర్చునే పిల్ల. అప్పటిదాకా నేను కోర్సు పేజీని నా కంప్యూటర్‌లో, నా కళ్లతోనే చూసుకున్నాను. ఏ పీపీటీకి ఏ వీడియో జతో, ఏ ప్రశ్న ఏ పాఠంలోదో నాకు తెలుసు కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. ఆ జత తెలియని పిల్లలు ఐదు సెక్షన్లు తిరిగి ఐదు ముక్కలు ఏరుకోవాలి. రాత్రి పదింటికి పేజీ తెరిచినవాళ్లు వెతికేది "పీపీటీలు ఎక్కడ" అని కాదు, "ఇప్పుడు నేనేం చేయాలి" అని. దానికి పేజీలో జవాబు దొరకాలి.

ఇక నంబర్ల సంగతి. మీరు గుంటూరు వాళ్లయితే ఇది చప్పున అర్థమవుతుంది. బ్రాడీపేటలో ఇల్లు ఎక్కడని అడిగితే "4/14" అంటారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ రెండు అంకెలు చెబితే ఆటో అతను ఇంకేమీ అడగడు. నేను టాపిక్‌లకి అదే పద్ధతి పెట్టాను. నాలుగో యూనిట్‌లో మూడో టాపిక్ అంటే 4/3. సెక్షన్ పేరు "4/3 బీసీఎన్‌ఎఫ్". వీడియో పేరులో 4/3, నోట్సులో 4/3, క్విజ్‌లో 4/3. క్లాసులో బోర్డు మీద కుడి మూల కూడా 4/3 అని రాస్తాను. వాట్సాప్ గ్రూపులో "రేపటికి 4/3 చూసి రండి" అంటే చాలు. రెండు వారాలు తిరిగేసరికి పిల్లలే "సర్, 4/2లో రెండో ఉదాహరణ అర్థం కాలేదు" అని అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు "ఆ నార్మలైజేషన్ దగ్గర ఏదో సర్" అనేవాళ్లు. సందేహాన్ని ఇంత కచ్చితంగా అడగగలగడమే నాకు కనిపించిన పెద్ద మార్పు. ఒక చిన్న జాగ్రత్త: విండోస్‌లో ఫైలు పేరులో ఏటవాలు గీత పడదు. అందుకని ఫైలుకి 4-3 అని, మూడుల్‌లో కనిపించే పేరుకి 4/3 అని పెట్టుకోండి.

టాపిక్ ఎంత ఉండాలి? నా లెక్క ఏమిటంటే, ఒకసారి కూర్చుంటే లేచేలోగా అయిపోవాలి. నలభై నిమిషాలు, మహా అయితే గంట. మీ నార్మలైజేషన్ యూనిట్‌నే తీసుకోండి. మొదటిది రిడండెన్సీ వల్ల వచ్చే తిప్పలు, ఫంక్షనల్ డిపెండెన్సీలు. రెండోది ఫస్ట్, సెకండ్, థర్డ్ నార్మల్ ఫామ్‌లు. మూడోది బీసీఎన్‌ఎఫ్. నాలుగోది లాస్‌లెస్ జాయిన్, డిపెండెన్సీ ప్రిజర్వేషన్. ఐదోది మల్టీవాల్యూడ్ డిపెండెన్సీ, ఫోర్త్ నార్మల్ ఫామ్. రెండోది పెద్దదనిపిస్తే దాన్నీ రెండు చేయండి. నేను ఈ మధ్య అలాగే చేశాను, ఎందుకంటే పార్షియల్ డిపెండెన్సీ దగ్గరే పిల్లలు ఎక్కువసేపు ఆగిపోతున్నారు. మొత్తం కోర్సుకి ఇరవై నుంచి పాతిక టాపిక్‌లు వస్తాయి.

యూనిట్‌ని విడగొట్టమనడానికి ఇంకో కారణం సెమిస్టర్ మధ్యలో వచ్చే మన మిడ్ పరీక్షలే. జేఎన్‌టీయూకే (కాకినాడ జేఎన్‌టీయూ) సిలబస్‌లో ఐదు యూనిట్లు, మొదటి మిడ్‌కి రెండున్నర యూనిట్లు. అంటే మిడ్ గీత సరిగ్గా మూడో యూనిట్ మధ్యలో పడుతుంది. యూనిట్ మొత్తాన్ని ఒకే సెక్షన్‌గా పెడితే "మిడ్‌కి ఎక్కడిదాకా మేడమ్" అని అరవై మందీ అడుగుతారు. టాపిక్‌లుంటే "1/1 నుంచి 3/2 దాకా" అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

మూడుల్‌లో దీన్ని ఎలా చేయాలంటే, కోర్స్ ఫార్మాట్ దగ్గర టాపిక్స్ ఫార్మాట్ ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో దీన్నే కస్టమ్ సెక్షన్స్ అంటున్నారు. మీ కాలేజీది 4.5 వెర్షన్ గానీ ఆ పైది గానీ అయితే మీ అదృష్టం, అందులో సబ్‌సెక్షన్లు వచ్చాయి. యూనిట్ సెక్షన్, దాని లోపల టాపిక్ సబ్‌సెక్షన్. పాత వెర్షన్ అయితే సెక్షన్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. అప్పుడు ఈ 4/3 నంబర్లే యూనిట్‌ని గుర్తుచేస్తాయి. కోర్స్ లేఅవుట్‌లో ఒక పేజీకి ఒక సెక్షన్ మాత్రమే చూపించే సెట్టింగు ఉంటుంది, అది పెట్టండి. ఫోన్‌లో ఆ పొడవాటి పేజీ బాధ అక్కడితో తీరుతుంది.

వారాల ఫార్మాట్ ఎందుకు వద్దంటున్నానంటే అందులో కోర్సు మొదలైన తేదీ నుంచి లెక్కేసుకుని మూడుల్ తనంతట తానే తేదీలు హెడింగులుగా పెడుతుంది. స్వయం, ఎన్‌పీటీఈఎల్ లాంటి దేశవ్యాప్త ఆన్‌లైన్ కోర్సులకి అది చక్కగా సరిపోతుంది. ఎనిమిది వారాలో పన్నెండు వారాలో ముందే ఖాయం, వారం వారం పాఠం విడుదల, అసైన్‌మెంట్‌కి గడువు, దేశమంతా ఒకే క్యాలెండర్. మన క్లాసురూమ్ అలా నడవదు. దసరా సెలవులు, టెక్ ఫెస్ట్, ప్లేస్‌మెంట్ డ్రైవ్ అని ఏదో ఒకటి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు మా పిల్లలు చాలామంది రోజుల తరబడి క్లాసుకి రాలేకపోయారు. కొందరి పుస్తకాలు, ల్యాప్‌టాప్‌లు నీళ్లలో పోయాయి. ఆ సెమిస్టర్ మా సహోద్యోగి ఒకరు వారాల ఫార్మాట్ పెట్టారు. ఇక్కడ పాఠం ఆగిపోయింది, అక్కడ హెడింగుల్లో తేదీలు నడుస్తూనే ఉన్నాయి. తిరిగొచ్చిన పిల్లలు పేజీ చూసి మూడు వారాలు వెనకబడ్డామని బెంబేలెత్తిపోయారు. నిజానికి క్లాసు కూడా అక్కడే ఆగి ఉంది. పేజీ మాత్రం ఆ మాట చెప్పలేదు. తేదీలు ఉండాల్సింది అసైన్‌మెంట్‌లోనూ క్విజ్‌లోనూ. అక్కడ పెడితే క్యాలెండర్‌లోకి వాటంతటవే వస్తాయి, మార్చాల్సి వస్తే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు టాపిక్ లోపల. నేను అన్ని టాపిక్‌లకీ ఒకే వరస పెడతాను, ఇరవై మూడింటికీ అదే. పైన రెండు లైన్ల మాట, "ఇది అయ్యాక ఒక టేబుల్ ఇస్తే అది బీసీఎన్‌ఎఫ్‌లో ఉందో లేదో మీరు తేల్చగలగాలి, లేకపోతే విడగొట్టగలగాలి" అన్నట్టు. తర్వాత వీడియో. తర్వాత నోట్సు. తర్వాత ఐదు ప్రశ్నల క్విజ్, ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, మార్కులు లెక్కలోకి రావు. చివర్లో పాత పరీక్షల్లో ఇదే టాపిక్ మీద అడిగిన ప్రశ్నలు. పాత పేపర్లని విడిగా ఒక సెక్షన్‌లో పడేయకుండా ప్రశ్నల్ని విడదీసి ఆయా టాపిక్‌లలో పెట్టండి. దీనికి ఒక ఆదివారం పడుతుంది. కానీ పిల్లలు నన్ను ఆపి మరీ థాంక్స్ చెప్పింది దీనికే.

నోట్సుని వీలైనంత వరకు ఫైలుగా కాకుండా మూడుల్‌లోని పేజ్ రూపంలో పెట్టండి. పేజ్ అయితే డౌన్‌లోడ్ లేకుండా ఫోన్ స్క్రీన్‌కి సరిపడా అక్షరాలతో తెరుచుకుంటుంది. నోట్సు పెద్దదయితే బుక్ అనే రిసోర్స్ ఉంది, అధ్యాయాలుగా విడిపోయి పక్కన విషయసూచిక కూడా వస్తుంది. పీపీటీ పెట్టక తప్పకపోతే పీడీఎఫ్‌గా మార్చి పెట్టండి. వీడియోలు మాత్రం కాలేజీ సర్వర్‌లోకి ఎక్కించకండి. సర్వర్ నిండిపోతుంది, మిడ్ ముందు రోజు రాత్రి అందరూ ఒకేసారి తెరిస్తే క్విజ్ కూడా నత్తనడక నడుస్తుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి, మూడుల్ పేజీలో అతికించండి. అక్కడైతే పిల్లలు క్వాలిటీ తగ్గించుకుని చూడొచ్చు. రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో నెట్టుకొచ్చే పిల్లలకి అది చిన్న విషయం కాదు. టెక్స్ట్‌బుక్ స్కాన్ కాపీలు మాత్రం పెట్టవద్దు, అది కాపీరైట్ సమస్య. ఏ అధ్యాయం, ఏ పేజీలు చదవాలో రాయండి, లైబ్రరీలో పుస్తకం ఉంటుంది కదా.

కోర్స్ ఫైల్ వేరు, కోర్స్ వేరు. ఇది మన కాలేజీల్లో ఉన్న ప్రత్యేకమైన చిక్కు. కాలేజీకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ, నాక్ వాళ్లు వస్తారని సిలబస్ కాపీ, టైమ్‌టేబుల్, లెసన్ ప్లాన్, సీఓ పీఓ మ్యాపింగ్ (కోర్సు లక్ష్యాలకీ డిగ్రీ లక్ష్యాలకీ జత చూపే పట్టిక), విజన్, మిషన్ అన్నీ తీసుకెళ్లి మూడుల్ పేజీలో అన్నిటికంటే పైన పెడతాం. పిల్లలు పాఠం చేరాలంటే ఈ కాగితాలన్నీ దాటి రావాలి. ఆ కాగితాలు అవసరమే, కాదనను. అన్నిటికంటే కింద ఒక సెక్షన్ చేసి అందులో పెట్టి, హైడ్ చేయండి. పిల్లలకి కనిపించదు, మీకూ, కోర్సులో టీచర్‌గా చేర్చిన హెచ్‌ఓడీకీ కనిపిస్తుంది. సిలబస్, మార్కుల విభజన మాత్రం పైన ఉంచండి, అవి పిల్లలవి. ఆ పై సెక్షన్‌లో అనౌన్స్‌మెంట్స్, ఈ రెండు, "ప్రస్తుతం క్లాసులో 3/2 నడుస్తోంది" అన్న ఒక్క లైను, అంతే. ఆ లైను వారానికి ఒకసారి మార్చడానికి అర నిమిషం పడుతుంది. దాన్ని ఎప్పుడూ మానకండి.

హైడ్ గురించి ఇంకో మాట. మిడ్ అయిపోయింది కదా అని మొదటి రెండు యూనిట్లు హైడ్ చేయాలనిపిస్తుంది, పేజీ తేలిగ్గా ఉంటుందని. చేయవద్దు. నేను ఒకసారి చేస్తే, సప్లీ రాయాల్సిన నలుగురు పిల్లలు నెలరోజులు నోట్సు లేకుండా ఉండిపోయారు. అడగడానికి మొహమాటపడ్డారు. ఫెయిలైన పిల్లలు మన దగ్గరికి వచ్చి అడగరు, వాళ్లకి పేజీ ఎప్పుడూ తెరిచే ఉండాలి. అలాగే ముందుది పూర్తిచేస్తేనే తర్వాతది తెరుచుకునేలా పెట్టే రిస్ట్రిక్ట్ యాక్సెస్ కూడా. చూడటానికి బాగుంటుంది గానీ, జ్వరమొచ్చి వారం రాని పిల్ల నేరుగా ఈరోజు పాఠం తెరవలేక బయటే నిలబడుతుంది. గ్రేడెడ్ క్విజ్‌కి తప్ప నేను వాడను. యాక్టివిటీ కంప్లీషన్ టిక్‌లు మాత్రం తప్పకుండా పెట్టండి. ఎంత అయింది, ఎంత మిగిలింది అన్నది పిల్లలకి కంటికి కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ ఆగిపోయారో మీకు రిపోర్టులో తెలుస్తుంది.

క్వశ్చన్ బ్యాంక్‌లో కూడా ఇదే నంబర్లతో కేటగిరీలు చేసుకోండి. ప్రశ్నలన్నీ డిఫాల్ట్ కేటగిరీలో పోస్తే రెండో సెమిస్టర్‌కి అది గడ్డివాము అవుతుంది. 4/3 కేటగిరీలో పదిహేను ప్రశ్నలుంటే, క్విజ్‌లో అందులోంచి ఐదు రాండమ్‌గా తెప్పించొచ్చు. పక్కవాడిది చూసి రాయడం తగ్గుతుంది. మొదటి ఏడాది కేటగిరీకి ఆరేడు ప్రశ్నలతో మొదలుపెట్టినా పర్లేదు, ఏటా కొన్ని చేరుతుంటాయి.

వచ్చే ఏడాది ఇదే కోర్సు మళ్లీ వాడతారు కాబట్టి తేదీల దగ్గర జాగ్రత్త. ఒకసారి పాత కోర్సు బ్యాకప్ తీసి కొత్త బ్యాచ్‌కి రీస్టోర్ చేశాను, అసైన్‌మెంట్ తేదీలు మార్చడం మర్చిపోయాను. డ్యూ డేట్ దాటితే ఆలస్యమని చూపిస్తుందంతే, సబ్మిట్ చేయొచ్చు. కటాఫ్ డేట్ దాటితే మాత్రం తలుపు మూసుకుంటుంది. అందులో పోయినేటి కటాఫ్ అలాగే ఉంది. ఆ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా పిల్లల ఫోన్లే ఫోన్లు, పాపం వాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. కోర్సు రీసెట్‌లో కొత్త ప్రారంభ తేదీ ఇస్తే మిగతా తేదీలన్నీ ఆ తేడా మేరకు జరుగుతాయి. అలా జరిపాక కూడా ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి, ఎందుకంటే జరిగిన తేదీ దీపావళి రోజున పడొచ్చు. ఇంకొకటి, రీసెట్‌లో పాత సబ్మిషన్లు, క్విజ్ జవాబులు తుడిచిపెట్టుకుపోయే ఆప్షన్లు ఉంటాయి. ముందు బ్యాకప్ తీసుకోకుండా దాని జోలికి పోకండి.

మూడుల్ కాకుండా గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్లు కూడా ఇది చదువుతుంటే, పద్ధతి అదే. అక్కడ టాపిక్ లోపల ఇంకో టాపిక్ పెట్టడం కుదరదు కాబట్టి 4/3 నంబర్లు ఇంకా అవసరం. పాఠాలు స్ట్రీమ్‌లో వేయకండి, నాలుగు మెసేజ్‌లు పడగానే కిందికి వెళ్లిపోతాయి. క్లాస్‌వర్క్‌లో పెట్టండి.

చివరిగా మీ అరవై వీడియోల సంగతి. అన్నీ ఒకేసారి సర్దాలని కూర్చుంటే నెల గడిచినా పూర్తికాదు, ఈలోపు పిల్లలకి ఏదీ అందదు. ముందు కాగితం మీద టాపిక్‌ల పేర్లు నంబర్లతో రాసుకోండి, ఇది ఒక సాయంత్రం పని. మూడుల్‌లో ఖాళీ సెక్షన్లు ఆ పేర్లతో చేసేయండి. తర్వాత క్లాసులో ఏది చెప్పబోతున్నారో దానికి మాత్రం సరుకు పెట్టుకుంటూ వెళ్లండి, క్లాసు కంటే రెండు టాపిక్‌లు ముందుంటే చాలు. వీడియో పెట్టే ముందు ఒక్క పని చేయండి, ఇయర్‌ఫోన్స్ లేకుండా ఫోన్‌లో రెండు నిమిషాలు వినండి. మాట స్పష్టంగా వినిపించకపోతే పక్కన పెట్టేయండి. యాభై నిమిషాల క్లాసు రికార్డింగులుంటే, వాటిలో అసలు విషయం ఉన్న పదీ పన్నెండు నిమిషాల ముక్క కోసి పెట్టండి.

అది అయ్యాక మీ క్లాసులో ఒక అబ్బాయినో అమ్మాయినో పిలిచి, వాళ్ల ఫోన్‌లోనే, స్టూడెంట్ లాగిన్‌తోనే, "3/2 క్విజ్ తెరువు" అనండి. మీరు ఏమీ చెప్పకుండా చూడండి. నా పిల్లలు ఇప్పుడు పది, పదిహేను సెకన్లలో చేరుకుంటున్నారు. మీ వాళ్లు ఎక్కడైనా తడబడితే, ఏ చోట తడబడ్డారో ఇక్కడే రాయండి, పేరు మార్చాలో వరస మార్చాలో చూసి చెబుతాను.